ఓడినవారి పేరు, గెలిచినవారి చట్టం: నార్మన్ల తర్వాత ఇంగ్లండ్, దాని పొరుగువారు

ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి వచ్చిన నార్మన్లు 1066లో ఇంగ్లండ్‌ని గెలుచుకున్నారు. ఆ తర్వాత, పదకొండో శతాబ్దం చివర్లో, ఇంగ్లండ్‌లోని ఏ ఊరి పొలిమేరలోనైనా శవం దొరికి, చంపినవాడెవడో తేలకపోతే, ఊరివాళ్లు ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుండేది. చచ్చిపోయినవాడు నార్మనా, ఇంగ్లిష్‌వాడా? నార్మన్ అయితే హంతకుణ్ణి పట్టి అప్పగించాలి, లేదంటే జరిమానా కట్టాలి. చట్టంలో రాసిన మొత్తం 46 మార్కుల వెండి, అంటే ముప్ఫై పౌండ్ల పైచిలుకు. అంత సొమ్ము ఒక్క భూస్వామి వల్ల కాకపోతే ‘హండ్రెడ్’ అనే పరగణాలోని ఊళ్లన్నీ కలిసి మిగతాది పూడ్చాలి. చచ్చినవాడు ఇంగ్లిష్‌వాడని రుజువైతే మాత్రం రాజుకు కట్టాల్సిందేమీ లేదు. అందుకని అతని బంధువులు, తండ్రి వైపు వాళ్లూ తల్లి వైపు వాళ్లూ, ముందుకొచ్చి ‘ఇతను ఇంగ్లిష్‌వాడే’ అని ప్రమాణం చేసే పద్ధతి ఏర్పడింది. ఈ జరిమానా పేరు మర్డ్రమ్.

తమవాడి చావుకు రాజు దృష్టిలో విలువ లేదని సొంత బంధువులే ప్రమాణం చేసి చెప్పుకోవాల్సి వచ్చిందంటే, ఆ జనం ఎంత ఘోరంగా ఓడిపోయారో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఈ చట్టం కథ అక్కడ ఆగలేదు. నూరేళ్లు తిరిగేసరికి దాని అర్థం మారిపోయింది. మరో నూరేళ్లకి, ఇంగ్లిష్‌వారన్న పేరు పెట్టుకున్నవాళ్లే పక్క దీవిలో అంతకంటే కఠినమైన గీత గీశారు. నార్మన్ల ప్రభావం అనగానే రాతి కోటలూ గుర్రపు దళాలూ గుర్తొస్తాయి. అవి నిజమే. అయితే ఏ మనిషి ప్రాణానికి చట్టం ఎంత విలువ కట్టింది, ఆ చట్టం ఎవరిని గడప దాటనిచ్చింది అని చూస్తే, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఎందుకు నాలుగు దారులు పట్టాయో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

1066 నాటికి నార్మన్లు ఇంగ్లండ్‌కి కొత్తవాళ్లేమీ కారు. 911లో ఫ్రాన్స్ రాజు దగ్గర సెన్ నది దిగువన భూములు పొందిన వైకింగ్ నాయకుడు రోలో వారసులు వాళ్లు. కొద్ది తరాల్లోనే ఫ్రెంచి భాష, మఠాలు, గుర్రం మీద యుద్ధం అన్నీ వంటబట్టించుకున్నారు. 1002లో నార్మండీ డ్యూక్ చెల్లెలు ఎమ్మా ఇంగ్లండ్ రాజు ఎథెల్‌రెడ్‌ని పెళ్లాడింది. వాళ్ల కొడుకు ఎడ్వర్డ్ సుమారు పాతికేళ్లు నార్మండీలో ప్రవాసంలో పెరిగి, తిరిగొచ్చి 1042లో రాజయ్యాడు. 1066 జనవరి 5న అతను పిల్లల్లేకుండా పోవడంతో గొడవ మొదలైంది. మర్నాడే కిరీటం పెట్టుకున్న హెరాల్డ్, సెప్టెంబరు 25న ఉత్తరాన స్టాంఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర నార్వే రాజును ఓడించాడు. మూడు వారాలు తిరక్కుండానే, అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర నార్మండీ డ్యూక్ విలియం చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

క్రిస్మస్ రోజున వెస్ట్‌మిన్‌స్టర్‌లో విలియం పట్టాభిషేకం జరిగింది. లోపల ఇంగ్లిష్‌వాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఎవరి భాషలో వాళ్లు జేజేలు కొట్టారు. బయట కాపలా ఉన్న నార్మన్ సైనికులు ఆ కేకలు విని తిరుగుబాటు అనుకుని చుట్టుపక్కల ఇళ్లకు నిప్పుపెట్టారు. ఆ భయం తర్వాతి పదేళ్లూ వాళ్లని వదల్లేదు. ఉత్తరాన తిరుగుబాటు లేచినప్పుడు 1069-70 చలికాలంలో విలియం సైన్యం పంటల్ని, పశువుల్ని, పనిముట్లని తగలబెట్టుకుంటూ పోయింది. 1086లో తయారైన డూమ్స్‌డే భూమి లెక్కల్లో యార్క్‌షైర్ పుటల నిండా ఊరి తర్వాత ఊరికి ‘బీడు’ అన్న మాటే కనిపిస్తుంది. ఓర్డరిక్ విటాలిస్ అనే సన్యాసి అప్పుడు ఆకలితో లక్షమందికి పైగా చచ్చిపోయారని రాశాడు. ఆ అంకెను అక్షరాలా తీసుకోనక్కర్లేదు గానీ, రాసినవాడెవరో గమనించాలి. తల్లి ఇంగ్లిష్, తండ్రి ఫ్రెంచి. పదేళ్ల వయసులో తండ్రి అతన్ని నార్మండీలోని ఒక మఠానికి పంపేశాడు. ఈజిప్టులో యోసేపులా తెలియని భాష వింటూ పరాయివాడిగా దిగానని ముసలితనంలో రాసుకున్నాడు. విలియం పరాక్రమాన్ని మెచ్చుకున్న ఆ చెయ్యే, ఉత్తరాదిలో చేసిన పనిని మాత్రం క్షమించలేనని రాసింది.

1086 లెక్కల ప్రకారం దేశంలోని నేలలో పదో వంతు కూడా ఇంగ్లిష్ భూస్వాముల చేతిలో లేదు. రాజు దగ్గర నేరుగా భూమి పొందిన పెద్ద ఇంగ్లిష్ భూస్వాములు ఇద్దరే మిగిలారు, వార్విక్‌షైర్‌లో థోర్కెల్, లింకన్‌లో కోల్స్‌వైన్. ఇంగ్లిష్ బిషప్పుల్లో చివరివాడు, వూస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్, 1095లో కన్నుమూశాడు. ఇరవై ఏళ్లలో ఒక దేశపు పాలకవర్గం ఇంత పూర్తిగా మారిపోవడం యూరప్ చరిత్రలో అరుదు. అలాంటప్పుడు ఇంగ్లిష్‌వారన్న పేరు కూడా పోయి ఉండాలి. అది పోకపోగా, వచ్చినవాళ్లే ఆ పేరు పెట్టుకున్నారు. ఎందుకన్నదే అసలు ప్రశ్న.

వచ్చినవాళ్లు తక్కువమంది అన్నది ఒక కారణం. పదిహేను, ఇరవై లక్షల జనంలో వాళ్లు కొన్ని వేలమందే. వాళ్లలో చాలామంది ఇంగ్లిష్ స్త్రీలను పెళ్లాడారు. అయితే అంతకన్నా బలమైన కారణం విలియం ఎంచుకున్న వాదనలో ఉంది. అతను దేశాన్ని ఆక్రమించానని చెప్పుకోలేదు, ఎడ్వర్డ్‌కి చట్టబద్ధమైన వారసుణ్ణని చెప్పుకున్నాడు. ఆ వాదన అన్నిటికీ వర్తించింది. ఒక నార్మన్ బేరన్, అంటే పెద్ద ప్రభువు, ‘ఈ పొలం నాది’ అనాలంటే, ఎడ్వర్డ్ రాజు కాలంలో అది ఫలానా ఇంగ్లిష్‌వాడిది, వాడి హక్కులన్నీ నాకొచ్చాయి అని చూపించాలి. గెలిచినవాడి హక్కు ఓడినవాడి రికార్డు మీద నిలబడింది. డూమ్స్‌డే లెక్కల్లో ప్రతి ఊరికీ ‘ఎడ్వర్డ్ రాజు కాలంలో ఎంత, ఇప్పుడెంత’ అని రాయడం ఇందుకే.

ఇది ఎలా నడిచిందో కేంబ్రిడ్జ్‌షైర్ విచారణ కాగితాలు దగ్గరగా చూపిస్తాయి. ఒక్కో హండ్రెడ్‌లో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పిన ఎనిమిదిమంది పేర్లు వాటిలో ఉన్నాయి. నలుగురు ఫ్రెంచివాళ్లు, నలుగురు ఇంగ్లిష్‌వాళ్లు. నిన్నటిదాకా కత్తులు దూసుకున్నవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎవరి మడి ఎక్కడ మొదలవుతుందో కలిసి తేల్చాల్సి వచ్చింది. అంతకుముందే, 1072 ప్రాంతంలో, కెంట్‌లోని పెనెండెన్ హీత్ మైదానంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్‌కీ, రాజు తమ్ముడు ఓడోకీ మధ్య భూముల తగాదా విచారణకొచ్చింది. ఇద్దరూ బయటి నుంచి వచ్చినవాళ్లే, ఒకరు ఇటలీలో పుట్టారు, ఇంకొకరు నార్మండీలో. ఆ తగాదా తేల్చడానికి పాత ఇంగ్లిష్ చట్టం తెలిసిన ఎథెల్‌రిక్ అనే వృద్ధ బిషప్పును రాజాజ్ఞ మీద బండిలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ఓడిపోయిన జాతి ముసలాయన చెప్పిన మాటే గెలిచినవాళ్లకి ప్రమాణమైంది. షైర్ (జిల్లా) కోర్టులు, హండ్రెడ్ కోర్టులు, నాణేలు, పన్నులు అన్నీ పాతవే కొనసాగాయి. వాటితో పని పెట్టుకున్న నార్మన్ కుటుంబాలు మెల్లగా వాటిలో మనుషులైపోయాయి.

మార్పు రెండు వైపుల నుంచీ వచ్చింది. కింది నుంచి ఇంగ్లిష్‌వాళ్లు నార్మన్ పేర్లు పెట్టుకున్నారు. విట్బీలో టోస్టిగ్ అన్న పాతకాలపు పేరున్న ఒక కుర్రాణ్ణి తోటి పిల్లలు ఏడిపిస్తుంటే పేరు విలియం అని మార్చారట. పెద్దయ్యాక అతను బార్తొలొమ్యూ అన్న పేరుతో సన్యాసి అయ్యాడు, ఈ సంగతి అతని జీవితచరిత్రలో ఉంది. పైనుంచి నార్మన్లు ఇంగ్లిష్ గతాన్ని తమదిగా చేసుకున్నారు. 1100లో రాజైన మొదటి హెన్రీ పాత ఇంగ్లిష్ రాజవంశపు రక్తమున్న మెటిల్డాని పెళ్లాడితే, ఆస్థానంలో కొందరు ఆ జంటకి గోడ్రిక్, గోడ్గిఫు అని పల్లెటూరి ఇంగ్లిష్ పేర్లు పెట్టి వెక్కిరించారు. 1130ల చివరికొచ్చేసరికి లింకన్‌షైర్‌లో కాన్‌స్టన్స్ అనే నార్మన్ కుటుంబపు స్త్రీ, గైమార్ అనే కవితో ఇంగ్లిష్ రాజుల చరిత్రను ఫ్రెంచి పద్యాల్లో రాయించుకుంది. ఆమెకి ఇంగ్లిష్ చదవడం రాకపోవచ్చు, కానీ ఆల్‌ఫ్రెడ్ రాజు కథ తన దేశపు కథ అనిపించింది. ఒక తరం ముందు ఎగతాళి చేసిన గతాన్ని డబ్బిచ్చి మరీ రాయించుకునే దశ అది.

1170ల చివర్లో రాజు ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ మర్డ్రమ్ జరిమానా గురించి వివరిస్తూ ఒక మాట అన్నాడు. ఇంగ్లిష్‌వాళ్లూ నార్మన్లూ కలిసి బతుకుతూ, పిల్లనిచ్చి పుచ్చుకుంటూ ఎంతగా కలిసిపోయారంటే, స్వతంత్రుల్లో ఎవరు ఏ జాతిలో పుట్టారో ఇప్పుడు చెప్పడం దాదాపు అసాధ్యం. అందుకని హంతకుడు దొరకని ప్రతి హత్యకీ జరిమానా పడుతుంది. మినహాయింపు ఒక్కటే, చచ్చినవాడు కచ్చితంగా వెట్టి రైతు అని తెలిస్తే తప్ప. ఈ చివరి మినహాయింపును తేలిగ్గా దాటేయకూడదు. జాతి గీత చెరిగిన చోటే కట్టుబానిస రైతుకీ స్వతంత్రుడికీ మధ్య గీత కూర్చుంది. అయినా ఒక సంగతి గట్టిగా చెప్పుకోవచ్చు. ఇంగ్లండ్‌లో రాజు కోర్టు తలుపు స్వతంత్రుడైన ఇంగ్లిష్‌వాడికి తెరుచుకుంది. ‘ఇతను ఇంగ్లిష్‌వాడు’ అని నిరూపించే తంతు 1340 దాకా బతికినా, చాలాకాలంగా దానికి పుట్టుకతో సంబంధం లేదు. అది జరిమానా తప్పించుకునే ఒక పద్ధతిగా మిగిలింది, అంతే.

జాతుల కలయికతో పాటు అప్పుడే ఇంకో మార్పు జరిగింది, ఇదే పొరుగువారి నెత్తిన పడింది. 1086 లెక్కల్లో నమోదైన జనంలో సుమారు పదో వంతు బానిసలు. బ్రిస్టల్ రేవులో యువతీయువకుల్ని తాళ్లతో కట్టి వరసగా నిలబెట్టి ఐర్లండ్‌కి అమ్మేవాళ్లు. బిషప్ వుల్ఫ్‌స్టన్ నెలల తరబడి అక్కడే మకాం వేసి, ఆదివారం ఆదివారం ప్రసంగాలు చేసి ఆ వ్యాపారాన్ని ఆపించాడు. మనుషుల్ని పశువుల్లా అమ్మడాన్ని 1102లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో జరిగిన చర్చి సభ నిషేధించింది. కొన్ని దశాబ్దాల్లో ఇంగ్లండ్‌లో బానిసత్వం కనుమరుగైంది. యుద్ధంలో దొరికిన ప్రభువుని చంపకుండా డబ్బు తీసుకుని వదిలే మర్యాద కూడా నార్మన్లతోనే వచ్చింది. 1076లో తిరుగుబాటు నేరం మీద ఎర్ల్ (రాజు తర్వాతి స్థాయి ప్రభువు) అయిన వాల్థియోఫ్ తల తీయించాక, మళ్లీ ఒక ఎర్ల్‌ని చంపించింది 1306లోనే. ఇవన్నీ మంచి మార్పులే. కానీ వాటితో పాటు ఒక కొత్త గర్వం పుట్టింది. వేల్స్‌లో, స్కాట్లండ్‌లో, ఐర్లండ్‌లో యుద్ధమంటే ఇంకా దోపిడీ, బానిసల వేటగానే ఉంది. రెండు తరాల కిందట తామూ అలాగే ఉన్నామన్న సంగతి మరిచిపోయి, ఇంగ్లిష్ చరిత్రకారులు పొరుగువారిని అనాగరికులని రాయడం మొదలుపెట్టారు.

ఈ చూపు 1138లో బాగా బయటపడింది. ఆ ఏడు స్కాట్లండ్ రాజు డేవిడ్ సైన్యం ఉత్తర ఇంగ్లండ్ మీదికొచ్చింది. పట్టుబడ్డ ఆడవాళ్లని తాళ్లతో కట్టి తోలుకుపోయారని హెక్సమ్ మఠం చరిత్రకారులు కంపించిపోతూ రాశారు. సెప్టెంబరులో పోప్ ప్రతినిధి కార్లైల్‌కి వెళ్లి ఆ ఆడవాళ్లని విడిపించే మాట తీసుకున్నాడు. విచిత్రమేమిటంటే ఆ డేవిడ్ ‘అనాగరికుడు’ ఎంతమాత్రం కాదు, నార్మన్ ఆస్థానంలో పెరిగినవాడు. అతని తల్లి మార్గరెట్ పాత ఇంగ్లిష్ రాజవంశపు ఆడపడుచు, 1066 తర్వాత స్కాట్లండ్‌కి పారిపోయి అక్కడి రాజు మాల్కంని పెళ్లాడింది. అక్క మెటిల్డా మొదటి హెన్రీ భార్య. తల నరికించుకున్న ఆ వాల్థియోఫ్ కూతురే డేవిడ్ భార్య. ఆమె వల్ల ఇంగ్లండ్‌లో హంటింగ్డన్ ఎర్ల్ పదవి దక్కింది.

స్కాట్లండ్‌ని నార్మన్లు జయించలేదు, అక్కడి రాజే పిలిపించుకున్నాడు. 1124లో రాజు కాగానే డేవిడ్ చేసిన తొలి పనుల్లో ఒకటి సరిహద్దులోని ఆనండేల్ లోయను రాబర్ట్ డి బ్రూస్ అనే నార్మన్‌కి రాసివ్వడం. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు వంశీకుడు వాల్టర్ ఫిట్జ్ అలన్‌కి ‘స్టీవార్డ్’ (రాజగృహ నిర్వాహకుడి) పదవి ఇచ్చాడు, తర్వాతి కాలపు స్టూవర్ట్ రాజవంశం అతని సంతతే. బెరిక్, రాక్స్‌బరా పట్టణాలు ఇంగ్లిష్, ఫ్లెమిష్ వర్తకులతో నిండాయి. మెల్‌రోజ్, హోలీరూడ్ మఠాలు లేచాయి. స్కాట్ రాజు ముద్రతో మొదటి వెండి నాణేలు పడ్డాయి. దానపత్రాల్లో రాజు తన ప్రజల్ని ‘ఫ్రెంచివారికీ, ఇంగ్లిష్‌వారికీ, స్కాట్లకీ, గాలొవే వారికీ’ అని సంబోధించేవాడు (గాలొవే స్కాట్లండ్ నైరుతి మూలనున్న ప్రాంతం). నలుగురూ ఒకే రాజు కింద, ఒకే రాజు పేరున ఇచ్చే న్యాయం కింద ఉన్నారన్నమాట. ఇది వేల్స్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఎప్పుడూ జరగలేదు.

అయినా డేవిడ్ సైన్యంలో ఈ నలుగురూ కలిసి నిలబడటం అంత తేలిక కాలేదు. 1138 ఆగస్టు 22న నార్తలర్టన్ దగ్గర యుద్ధానికి ముందు, ముందు వరస తమదేనని గాలొవే వాళ్లు పట్టుబట్టారు. కవచాల్లేవు, ఈటెలే ఆయుధాలు. ఎదురుగా ఒక బండి మీద ఓడ తెరచాప కొయ్య నాటి, దానికి యార్క్, బెవర్లీ, రిపన్ చర్చిల జెండాలు కట్టి ఇంగ్లిష్ సైన్యం నిలబడింది. అందుకే అది జెండా యుద్ధంగా పేరుపడింది. ఆ రోజు రాబర్ట్ డి బ్రూస్ గుర్రమెక్కి డేవిడ్ దగ్గరికొచ్చాడు. స్కాట్లండ్‌లో నీ భూమి తిన్నవాణ్ణి, ఇంగ్లండ్‌లోనూ భూములున్నవాణ్ణి అంటూ బతిమాలాడు. ఇన్నాళ్లూ నీ సొంత ప్రజల మీద నిన్ను నిలబెట్టింది ఈ ఇంగ్లిష్‌వాళ్లూ నార్మన్లే కదా, ఇప్పుడు గాలొవే వాళ్లని నమ్ముకుని మా మీదికే వస్తావా అని అడిగాడు. డేవిడ్ కంట నీరు తిరిగింది, కానీ వెనక్కి తగ్గలేదు. రాబర్ట్ తన విధేయతను అక్కడికక్కడే వదులుకుని ఇంగ్లిష్ పక్షాన యుద్ధం చేశాడు. అతని చిన్న కొడుకు, అదే పేరున్న ఇంకో రాబర్ట్, డేవిడ్ వైపు నిలబడ్డాడు, ఆనండేల్ అతనికే మిగిలింది. ఈ సన్నివేశాన్ని రాసిపెట్టిన రీవో మఠాధిపతి ఐల్‌రెడ్ కూడా హెక్సమ్‌లో పుట్టిన ఇంగ్లిష్‌వాడు, కుర్రతనంలో డేవిడ్ ఆస్థానంలో కొలువు చేశాడు. రెండు వైపులా అతనికి కావలసినవాళ్లే.

యుద్ధంలో డేవిడ్ ఓడాడు, కానీ అతని రాజ్యం ఓడలేదు. నార్మన్ కోట, గుర్రపు దళం, దానపత్రం, పట్టణం అన్నీ స్థానిక రాజు చేతిలో పనిముట్లయ్యాయి. దీనికి వెల కట్టింది రాజ్యం అంచుల్లో ఉన్నవాళ్లు. మోరేలో, గాలొవేలో తిరగబడిన పాత వంశాల మీద ఈ పనిముట్లే విరుచుకుపడ్డాయి. స్కాట్ రాజులు తమని తాము రక్తంలో, అలవాట్లలో, భాషలో ఫ్రెంచివాళ్లుగానే చెప్పుకుంటారని పదమూడో శతాబ్దం తొలినాళ్లలో ఒక ఇంగ్లిష్ చరిత్రకారుడు రాశాడు. ఎన్ని చెప్పుకున్నా వాళ్లు స్కాట్ రాజులే.

వేల్స్‌లో కథ తలకిందులు. అక్కడ ఒక్క రాజ్యం లేదు, చాలామంది రాజులు, ఆస్తిని కొడుకులందరికీ పంచే ఆచారం, అన్నదమ్ముల పోరు. విలియం సరిహద్దులో చెస్టర్, ష్రూస్‌బరీ, హెరెఫర్డ్ దగ్గర ముగ్గురు బలమైన ప్రభువుల్ని నిలబెట్టి వాళ్ల మానాన వాళ్లని వదిలేశాడు. వై నది ఒడ్డున కొండ అంచున చెప్‌స్టో కోటను 1067 ప్రాంతంలోనే మొదలుపెట్టారు. గెలుచుకున్న నేల మీద ఈ సరిహద్దు ప్రభువులు సొంత కోర్టులు నడిపారు, సొంతంగా యుద్ధాలు చేశారు. ఇంగ్లండ్ రాజు ఉత్తర్వు అక్కడ చెల్లేది కాదు. మైదానాలు, నదీతీరాలు వాళ్ల చేతికి పోయాయి, కొండలు వెల్ష్ రాజుల దగ్గరుండిపోయాయి. మొదటి హెన్రీ పెంబ్రోక్ ప్రాంతంలో ఫ్లెమిష్ వలసదారుల్ని తెచ్చి దించాడు.

ఒక్క కుటుంబం చూస్తే చాలు, వేల్స్ సరిహద్దు ఎంత చిక్కుముడో తెలుస్తుంది. దక్షిణ వేల్స్ రాజు రీస్ 1093లో బ్రెకన్ దగ్గర నార్మన్ల చేతిలో చనిపోయాడు. అతని కూతురు నెస్ట్‌కి మొదటి హెన్రీ వల్ల ఒక కొడుకు పుట్టాడు. తర్వాత పెంబ్రోక్ కోట అధికారి జెరాల్డ్‌తో పెళ్లయింది. 1109లో ఓవెన్ అనే వెల్ష్ రాకుమారుడు రాత్రిపూట కోట మీద పడి ఆమెను ఎత్తుకుపోయాడు. ఆమె చెప్పిన ఉపాయంతో జెరాల్డ్ మరుగుదొడ్డి గొట్టంలోంచి జారి తప్పించుకున్నాడని వెల్ష్ చరిత్ర చెబుతుంది. ఆమె కొడుకులు, మనవలే తర్వాత ఐర్లండ్ మీదికి వెళ్లినవాళ్లు. ఆమె మనవల్లో ఇంకొకడు గెరాల్డ్ ఆఫ్ వేల్స్, ఆ కాలంలో ఇంతమంది గురించి ఇంత రాసినవాడు లేడు. మూడు వంతులు నార్మన్ రక్తం, ఒక వంతు వెల్ష్. వేల్స్ గురించి రాసిన గ్రంథం చివర్లో ఆ దేశాన్ని ఎలా జయించాలో ఒక అధ్యాయం రాసి, వెల్ష్‌వాళ్లు ఎలా ఎదిరించాలో మరొకటి రాశాడు. సెయింట్ డేవిడ్స్ బిషప్ పదవి కోసం 1199 నుంచి 1203 దాకా రోమ్ చుట్టూ తిరిగి ఓడిపోయాడు, వెల్ష్‌వాణ్ణి కాబట్టే ఇవ్వలేదని నమ్మాడు. అదే గెరాల్డ్ ఐరిష్‌వాళ్ల దగ్గరికొచ్చేసరికి పశువుల మీద బతుకుతూ పశువుల్లా ఉంటారని రాయడానికి వెనుకాడలేదు.

ఐర్లండ్‌కి దారి తెరిచింది కూడా స్థానిక రాజే, కానీ డేవిడ్‌లా కాదు. 1166లో సింహాసనం పోగొట్టుకున్న లెన్‌స్టర్ రాజు డెర్మట్ మాక్‌మరో, కిరాయి సైన్యం కోసం వేల్స్ సరిహద్దు ప్రభువుల్ని ఆశ్రయించాడు. 1169 మేలో నెస్ట్ కొడుకు రాబర్ట్ ఫిట్జ్‌స్టీఫెన్ 30 మంది నైట్లు, 60 మంది కవచధారులు, 300 మంది విలుకాళ్లతో బానో అఖాతంలో దిగాడు. మరుసటేడు స్ట్రాంగ్‌బో అనే పేరున్న రిచర్డ్ డి క్లేర్ వచ్చి వాటర్‌ఫర్డ్, డబ్లిన్ పట్టుకుని డెర్మట్ కూతురు ఈఫాను పెళ్లాడాడు. తన ప్రభువులు పక్క దీవిలో సొంత రాజ్యం పెట్టుకుంటారేమోనన్న భయంతో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ 1171 అక్టోబరులో స్వయంగా దిగాడు. ఆ క్రిస్మస్‌కి డబ్లిన్‌లో ఐరిష్ పద్ధతిలో తడికెలతో అల్లిన మండపం కట్టించి ఐరిష్ రాజులకి విందు చేశాడు. అంతవరకూ వాళ్లు అసహ్యించుకునే కొంగ మాంసాన్ని అక్కడ రాజు మాట మీద తిన్నారట. హెన్రీ మర్యాదగా నడుచుకున్నాడు. 1185లో అతని కొడుకు జాన్ వచ్చినప్పుడు, స్వాగతం చెప్పడానికొచ్చిన ఐరిష్ పెద్దల పొడుగాటి గడ్డాలు పట్టుకుని జాన్ వెంట వచ్చిన కుర్ర నైట్లు లాగారని గెరాల్డే రాశాడు. నార్మన్ ఆస్థానంలో ఇంగ్లిష్ పేర్లని వెక్కిరించి ఎనభై ఏళ్లు దాటింది అప్పటికి. వెక్కిరించేవాళ్లకి ఇప్పుడు ఇంగ్లిష్‌వారని పేరు.

ఐర్లండ్‌లో దిగినవాళ్ల పరిస్థితి మీద గెరాల్డ్ తన మేనమామ మారిస్ నోట ఒక మాట పలికించాడు. 1171లో డబ్లిన్‌ని ఐరిష్ సైన్యం ముట్టడించినప్పుడు, బయటి నుంచి సాయం వస్తుందని ఎదురుచూడొద్దంటూ మారిస్ అన్నాడట: ఐరిష్‌వాళ్లకి మనం ఇంగ్లిష్‌వాళ్లం, ఇంగ్లిష్‌వాళ్లకి మనం ఐరిష్‌వాళ్లం. గెరాల్డ్ కల్పించిన ప్రసంగమే కావచ్చు, ఆ కుటుంబం తరతరాల ఇబ్బంది మొత్తం అందులో ఉంది.

అసలు తేడా చట్టంలో వచ్చింది. ఐర్లండ్‌లో ఇంగ్లిష్ చట్టమే నడవాలని 1210లో జాన్ రాజు ఆదేశించాడు. కానీ ఆ చట్టం అక్కడికొచ్చిన వలసదారుల ఆస్తిగా మిగిలిపోయింది. ప్రత్యేకంగా అనుమతి పొందినవాళ్లు, కొన్ని రాజవంశాలు తప్ప, ఐరిష్‌వాడు రాజు కోర్టులో దావా వెయ్యలేడు. ఇంగ్లిష్‌వాడొకడు ఐరిష్‌వాణ్ణి చంపి కోర్టుకొస్తే, చచ్చినవాడు ఐరిష్‌వాడని చెబితే సరిపోయేది. అది నరహత్య కిందికి రాదు. మహా అయితే ఆ ఐరిష్‌వాడి మీద హక్కున్న ప్రభువుకి నష్టపరిహారం కట్టాలి. ఇంగ్లండ్‌లో చచ్చినవాడు ఇంగ్లిష్‌వాడని నిరూపిస్తే ఊరు జరిమానా నుంచి బయటపడేది. ఐర్లండ్‌లో చచ్చినవాడు ఐరిష్‌వాడని నిరూపిస్తే హంతకుడే బయటపడేవాడు. పైగా ఇంగ్లండ్‌లో ఆ గీత నూరేళ్లలో చెరిగిపోతే, ఐర్లండ్‌లో కాలం గడిచేకొద్దీ గట్టిపడింది.

దీన్ని మార్చే అవకాశం ఒకసారి వచ్చింది. 1277-80 మధ్య ఐర్లండ్‌లోని కాషెల్ ఆర్చిబిషప్, ఐరిష్‌వాళ్లందరికీ ఇంగ్లిష్ చట్టం వర్తింపజేయమని కోరుతూ రాజుకు వేల మార్కులు ఇవ్వజూపాడు. అప్పటి ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్‌కి ఆ ఆలోచన నచ్చింది. ఐరిష్ ఆచారాలు దేవుడికి అసహ్యం, అవి చట్టాలనే పిలుపుకే తగవని అతని అభిప్రాయం. అయినా పని జరగలేదు. ఎవరి ప్రాణానికి ఎంత వెల అన్న తేడా మీద అక్కడి ప్రభువుల పెత్తనం నిలబడి ఉంది, ఆ తేడా పోవడం వాళ్లకి ఇష్టం లేదు. ఆ ఎడ్వర్డే వేల్స్‌లో ఇంకో దారి పట్టాడు. 1282 డిసెంబరు 11న చివరి స్వతంత్ర రాకుమారుడు లెవెలిన్ చనిపోయాక, 1284లో రుద్‌లన్ శాసనంతో నేరాలకి ఇంగ్లిష్ చట్టాన్నీ, ఆస్తి పంపకంలాంటి వాటిల్లో కొంత వెల్ష్ ఆచారాన్నీ కలిపి పెట్టాడు. కాన్వీ, కార్నార్వన్ కోటల నీడలో కట్టిన పట్టణాలు మాత్రం ఇంగ్లిష్ వలసదారుల కోసమే. లెవెలిన్ తమ్ముడు దావీద్‌ని 1283లో ష్రూస్‌బరీలో ఈడ్చి, ఉరితీసి, నాలుగు ముక్కలు చేశారు. ఇంగ్లిష్ ఎర్ల్‌కి అప్పటికి రెండువందల ఏళ్లుగా దక్కుతున్న దయ వెల్ష్ రాకుమారుడికి దక్కలేదు.

1317లో, 1320లో ఫ్రాన్స్ దక్షిణాన అవీన్యాన్‌లో ఉన్న పోప్ ఇరవై రెండో జాన్‌కి రెండు లేఖలు అందాయి. మొదటిది ఐర్లండ్ నుంచి, డోనల్ ఓనీల్ పేరున. ఐరిష్‌వాణ్ణి చంపిన ఇంగ్లిష్‌వాడికి శిక్ష లేదని, ఐరిష్‌వాడికి రాజు కోర్టులో నోరు లేదని వరసగా ఫిర్యాదు. రెండోది స్కాట్లండ్‌లోని ఆర్బ్రోత్ నుంచి, ఎర్ల్‌లు, బేరన్ల పేరున. మాలో నూరుమంది ప్రాణాలతో ఉన్నంతకాలం ఇంగ్లిష్ పెత్తనానికి తలొగ్గం అని. స్కాట్ల పూర్వీకులు ఎక్కడో నల్ల సముద్రం అవతలి సిథియా నుంచి వచ్చారని గొప్పగా చెప్పుకున్న ఆ లేఖలో మోబ్రే, సూల్స్, అంఫ్రవిల్, హే లాంటి నార్మన్ ఇంటిపేర్లు, స్ట్రాథర్న్, లెనక్స్ ఎర్ల్‌ల పక్కనే నిశ్చింతగా కూర్చున్నాయి. వాళ్ల రాజు, 1124లో ఆనండేల్ పొందిన రాబర్ట్ డి బ్రూస్ వంశంలోని రాబర్ట్. స్కాట్లండ్‌లో నార్మన్ సంతతి స్కాట్లుగా మారి తమ స్వాతంత్ర్యాన్ని అడుగుతోంది. ఐర్లండ్‌లో మూలవాసి తనని హత్య చేస్తే అది హత్యేనని ఒప్పుకోమని అడుగుతున్నాడు. స్కాట్లండ్ కోరినది 1328 ఒప్పందంలో రాతపూర్వకంగా దక్కింది. ఐర్లండ్ లేఖని పోప్ ఇంగ్లండ్ రాజు రెండో ఎడ్వర్డ్‌కి పంపి చక్కదిద్దుకోమన్నాడు.

చక్కదిద్దడం 1366లో వేరే రూపంలో వచ్చింది. కిల్‌కెన్నీలో సమావేశమైన పార్లమెంటు ఐర్లండ్‌లోని ఇంగ్లిష్‌వాళ్లకి ఐరిష్ వాళ్లతో పెళ్లిళ్లు, పిల్లల్ని ఐరిష్ ఇళ్లలో పెంపకానికివ్వడం, ఐరిష్ భాష, ఐరిష్ పేర్లు, జీను లేకుండా గుర్రమెక్కడం, ఐరిష్ న్యాయం అన్నీ నిషేధించింది. ఇంగ్లిష్ మాట్లాడమని హుకుం జారీ చేసిన ఆ శాసనాన్ని రాసింది ఫ్రెంచిలో. ఏడాది తిరగ్గానే, 1367లో, రాజు తరఫున ఐర్లండ్‌ని పాలించే పదవి డెస్మండ్ ఎర్ల్ జెరాల్డ్‌కి వచ్చింది. నెస్ట్ కొడుకు మారిస్ సంతతి అతను, ఐరిష్‌లో కవిత్వం రాసేవాడు. 1388లో అతను తన కొడుకు జేమ్స్‌ని ఐరిష్ వంశమైన ఓబ్రయన్ల ఇంట్లో పెంపకానికి పంపుకుంటానని అడిగాడు. కిల్‌కెన్నీ శాసనం అమల్లో ఉండగానే రాజు లైసెన్సు ఇచ్చాడు.